కోహా తెలుగు గైడు: ఏ ఫార్మాట్‌లో రాద్దాం?

హనుమకొండ_లైబ్రేరియన్ · ఆదివారం ఉదయం

అందరికీ నమస్తే. కోహా (లైబ్రరీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్న లైబ్రేరియన్లం కొందరం, దాన్ని ఎక్కించి పెట్టే విద్యార్థులు కొందరు కలిసి తెలుగులో ఒక వాడుక గైడు రాద్దామని అనుకున్నాం. ఇన్‌స్టాల్ చేయడం గురించి కాదు, అది సర్వర్ చూసుకునేవాళ్ల పని. కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికి కావలసినవి రాయాలి: సభ్యుల నమోదు, పుస్తకం ఎక్కించడం, ఇష్యూ, రిటర్న్, రెన్యువల్, ఫైను, బార్‌కోడ్ లేబుళ్లు, ఏడాదికోసారి స్టాక్ చూడటం. చిన్న లైబ్రరీల్లో మనిషి మారిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తోంది.

రాయడానికి మనుషులున్నారు. తేలనిదల్లా ఎక్కడ, ఏ రూపంలో రాయాలన్నదే. ఒకరు గూగుల్ డాక్స్ అంటున్నారు, ఒకరు వికీ అంటున్నారు, ఒకరు మార్క్‌డౌన్ అంటున్నారు. నా షరతులు రెండే. కంప్యూటర్ కోర్సు చదవని లైబ్రేరియన్ కూడా తప్పు కనిపిస్తే ఆ రోజే దిద్దగలగాలి. ఇవాళ రాస్తున్నవాళ్లెవరూ లేకపోయినా మూడేళ్ల తర్వాత ఇంకొకరు అందుకోగలగాలి. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టుకున్న ఊరు మనది. లైబ్రరీ పని తెలుగులో నేర్పే గైడు మన దగ్గర నుంచే రావాలని నా కోరిక.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం ఉదయం

మేడం, మార్క్‌డౌన్‌ల రాసి గిట్‌ల్యాబ్‌ల (ఫైళ్లు పెట్టుకొని కలిసి రాసుకునే సైటు) పెడదాం. మార్క్‌డౌన్ 2004 నుంచి ఉన్నది, నేర్సుకోనీకి అరగంట చాలు. శీర్షికకు ముందు ఒక హ్యాష్, జాబితాకు ఒక గీత, ముఖ్యమైన మాటకు రెండువైపులా రెండేసి చుక్కలు (**). నోట్‌ప్యాడ్‌ల తెరిచినా చదవొస్తది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చిన్రో గిట్ (గిట్‌ల్యాబ్ లోపల మార్పుల లెక్క పెట్టే సాఫ్ట్‌వేర్) చూపిస్తది. సర్వర్ ఖర్చు లేదు, గిట్‌ల్యాబ్ పేజెస్‌ల సైటు ఊకెనే వస్తది. మా కాలేజీ నుంచి సెటప్ చేసేటోళ్లం ఉన్నం.

పరకాల_పంతులు · ఆదివారం మధ్యాహ్నం

తమ్మీ, నీ ఈడోళ్లకు గది సులువే. స్కూలు లైబ్రరీ చూసి రిటైరైనోణ్ని నేను. ఇష్యూ రిటర్న్ మీద, స్టాక్ వెరిఫికేషన్ మీద నా దగ్గర నోట్సు తయారుగ ఉన్నది, స్క్రీన్ బొమ్మలతో సహా. అదంత లిబ్రేఆఫీస్ రైటర్‌ల (వర్డ్ లాంటిది) కొట్టిన. లిబ్రేఆఫీస్ గైడ్లు రాసేటోళ్లు కూడ వాలంటీర్లే, వాళ్లు రైటర్ ఫైళ్లల్లనే రాస్తరు. వాళ్లకు నడిచినప్పుడు మనకెందుకు నడవది? ఖాతా తెరువు, బ్రాంచ్ తీయి, మెర్జ్ పెట్టు అంటే నా అసోంటోళ్లు సగం మంది అక్కడ్నే ఆగిపోతరు. తెలిసిన ముచ్చట తెలిసినోని దగ్గర్నే ఉండిపోతది.

జమ్మికుంట_వికీ · ఆదివారం మధ్యాహ్నం

సార్ చెప్పిన ఇబ్బందికి మందు వికీ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అందులో రాసేవాళ్లలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, రిటైరైనవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి గిట్ అంటే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సవరించు నొక్కాలి, రాయాలి, ప్రచురించాలి. పాత కూర్పులన్నీ చరిత్రలో భద్రంగా ఉంటాయి, ఎవరైనా పాడుచేస్తే ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. విజువల్ ఎడిటర్ ఉంది కాబట్టి గుర్తులు కూడా నేర్చుకోనక్కర్లేదు. తప్పు ఆ రోజే దిద్దాలన్న మేడం షరతు పూర్తిగా తీరేది వికీలోనే అని నా నమ్మకం.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం సాయంత్రం

అన్నా, వికీపీడియాను నడపడానికి ఒక పెద్ద సంస్థ ఉన్నది. మనం సొంతంగ మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే పీహెచ్‌పీ, డేటాబేస్, అప్‌డేట్లు, స్పామ్ ఖాతాలు అన్నీ మన నెత్తిమీదనే. మా బ్యాచ్ పాసై పోయినంక ఆ సర్వర్‌ను ఎవరు చూస్తరు? గైడు మంచిగనే ఉంటది, సైటే తెరుచుకోదు.

ములుగురోడ్డు_రచయిత్రి · ఆదివారం రాత్రి

మా ఇల్లు ములుగు రోడ్డులోనే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాయడమే నా ఉద్యోగం, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఏ వెర్షన్‌కు రాస్తున్నాం? కోహా ఆర్నెల్లకోసారి, మేలోనూ నవంబర్‌లోనూ కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. 23.11, 24.05, 24.11 అంటూ ఏడాది, నెల కలిపి అంకె పెడతారు. మన లైబ్రరీలన్నీ ఒకేసారి అప్‌గ్రేడ్ కావు. ఒకచోట కొత్తది, ఇంకోచోట రెండేళ్ల కిందటిది ఉంటుంది. మెనూలో ఒక బటన్ చోటు మారితే గైడు చూసి పనిచేసే మనిషి ఆగిపోతాడు. వికీలో పేజీ ఎప్పుడూ ఒక్కటే, అది ఇవాళ్టి స్థితి. పాత వెర్షన్ వాళ్ల కోసం అదే పేజీలో "మీది పాతదైతే ఇలా" అని చేరుస్తూ పోతే కొన్నాళ్లకు పేజీ చదవలేనంత అవుతుంది. గిట్‌లో వెర్షన్‌కు ఒక బ్రాంచ్ (విడి ప్రతి) తీసి ఉంచితే పాతవాళ్లకు పాత గైడు అలాగే దొరుకుతుంది.

రైటర్ ఫైళ్ల గురించి పంతులు సార్‌కు. లిబ్రేఆఫీస్ గైడ్లు ఆ పద్ధతిలో నడవడానికి కారణముంది. ఒక అధ్యాయం ఒక ఫైలు, ఒక సమయంలో అది ఒకరి చేతిలో ఉంటుంది, తర్వాత ఇంకొకరు సమీక్షిస్తారు. ఆ క్రమశిక్షణ తప్పి ఇద్దరు ఒకే ఫైలును ఎవరింట్లో వాళ్లు మారిస్తే రెండింటినీ చేత్తో కలపాలి. రైటర్ ఫైలు అంటే జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్ (ట్యాగుల ఫైళ్లను మూటకట్టినది), కాబట్టి ఏ వాక్యం మారిందో గిట్ చూపించలేదు.

వాలంటీర్లు రాసే పెద్ద మాన్యువళ్లు ఎటు నడిచాయో చూస్తే మనకు దారి కనిపిస్తుంది. 1991లో మొదలైన డాక్‌బుక్ చాలా గట్టి ఫార్మాట్, అచ్చుకూ వెబ్‌కూ పనికొస్తుంది. కానీ ప్రతి పేరాకూ ట్యాగులు తెరిచి మూయాలి. ఆ శ్రమ వాలంటీర్లను దూరం పెట్టింది. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వాళ్లు 2007లో తమ డాక్యుమెంటేషన్‌ను లాటెక్ (అచ్చు పుటలు కూర్చే పద్ధతి) నుంచి రీస్ట్రక్చర్డ్‌ టెక్స్ట్‌కు (మార్క్‌డౌన్ లాగే గుర్తులతో రాసే ఫార్మాట్) మార్చారు, ఆ రాతను సైటుగా, పీడీఎఫ్‌గా మార్చడానికి పుట్టిన పనిముట్టే స్ఫింక్స్. లినక్స్ కెర్నల్ వాళ్లు 2016లో డాక్‌బుక్ నుంచి స్ఫింక్స్‌కు మారడం మొదలుపెట్టారు. మన కోహా మాన్యువలే ఒకప్పుడు డాక్‌బుక్‌లో ఉండేది, ఇప్పుడు స్ఫింక్స్‌లో, గిట్‌ల్యాబ్‌లో ఉంది. అందుకే నా మొగ్గు రీస్ట్రక్చర్డ్‌ టెక్స్ట్, స్ఫింక్స్ వైపు.

భూపాలపల్లి · సోమవారం ఉదయం

ఏ ఫార్మాట్ అయినా నాకు ఒకటే, పీడీఎఫ్ మాత్రం రావాలె. మా దిక్కు నెట్ పోతె ఎప్పుడొస్తదో తెల్వది. కోహా సర్వర్ మా లైబ్రరీలనే ఉన్నది కాబట్టి నెట్ లేకున్నా పని నడుస్తది. గైడు నెట్‌ల ఉంటే ఆ టైంల దొరకది. ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టుకునేటట్టు ఉండాలె.

కరీంనగర్_పుస్తకాలు · సోమవారం ఉదయం

ఆస్కీడాక్ పేరు ఎవరూ తీయలేదు. గిట్ సొంత మాన్యువల్ పేజీలు రాసేది ఆస్కీడాక్‌లోనే. పట్టికలు, హెచ్చరిక పెట్టెలు, అధ్యాయాల మధ్య లంకెలు మార్క్‌డౌన్ కంటే దీంట్లో శుభ్రంగా వస్తాయి. పుస్తకం రాయడానికే పుట్టిన ఫార్మాట్ అది.

కాజీపేట_జంక్షన్ · సోమవారం రాత్రి

నిన్న అక్క చెప్పినంక ఇష్యూ పేజీని మూడు ఫార్మాట్లల్ల రాసి చూసిన. ఇంగ్లిష్‌ల రాసేటోళ్లకు రాని చిక్కు మనకొకటి వస్తున్నది. అందరు చూడాలె.

తెలుగుల విభక్తి మాటకు అతుక్కొని వస్తది. "చెకౌట్‌ను నొక్కండి", "సేవ్‌లో చూడండి". బటన్ పేరు మందంగా రావాలె, "ను", "లో" మామూలుగ ఉండాలె. రీస్ట్రక్చర్డ్‌ టెక్స్ట్‌ల **సేవ్**ను అని రాస్తే పని చేయది. మూసే చుక్కల తర్వాత ఖాళీ గాని విరామ చిహ్నం గాని ఉండాలని దాని నియమం. లేకుంటే చుక్కలు చుక్కల్లెక్కనే అచ్చవుతయి. పని కావాలంటే **సేవ్**\ ను అని నడుమ వెనక్కి వాలిన గీత, ఒక ఖాళీ పెట్టాలె. ప్రతి వాక్యంల బటన్ పేరుంటది, ప్రతి పేరుకు విభక్తి ఉంటది. పంతులు సార్‌ను ఈ గీతలు పెట్టమని నేను అడగలేను. మార్క్‌డౌన్‌ల చుక్కలు మాటకు ఆనుకొని ఉన్నా మంచిగనే వస్తున్నది.

ములుగురోడ్డు_రచయిత్రి · సోమవారం రాత్రి

ఇది చాలా విలువైన పరీక్ష, చేసినందుకు సంతోషం. ఇంకోటి కూడా చెప్పాలి. రీస్ట్రక్చర్డ్‌ టెక్స్ట్‌లో శీర్షిక కింద గీత గీయాలి, అది శీర్షిక కంటే పొట్టిగా ఉండకూడదు. తెలుగులో కంటికి ఒక అక్షరంగా కనిపించేది లోపల రెండు మూడు యూనికోడ్ అక్షరాలు కావచ్చు, కాబట్టి గీత ఎంతవరకు గీయాలో చూసి చెప్పలేం. పొడుగ్గా గీసేస్తే సరిపోతుంది కానీ కొత్తవాళ్లకు ఇదొక తికమక.

స్ఫింక్స్‌ను వదులుకోకుండానే ఈ రెండు చిక్కులూ తప్పించుకోవచ్చు. మిస్ట్ అని ఒక మార్క్‌డౌన్ రకం ఉంది, ఒక ఎక్స్‌టెన్షన్ చేరిస్తే స్ఫింక్స్ దాన్ని చదువుతుంది. రాసేది మార్క్‌డౌన్‌లో, సూచిక, వెర్షన్లు, అధ్యాయాల మధ్య లంకెలు, పీడీఎఫ్, ఈపబ్ (ఈ-పుస్తకం) స్ఫింక్స్ నుంచి. నా మొగ్గు ఇప్పుడు దీనివైపే.

ఆస్కీడాక్ మీద. రెండేసి చుక్కలు పెడితే విభక్తి సమస్య అక్కడా రాదు, ఆ మాట నిజం. కానీ ఆస్కీడాక్ రాతను మార్చే సాఫ్ట్‌వేర్ ఆస్కీడాక్టర్‌లో, నేరుగా పీడీఎఫ్ చేసే పనిముట్టుకు భారతీయ లిపుల అక్షరాలను కూర్చడం రాదు. వత్తులు పక్కకు పడతాయి, గుణింతాలు విడిపోతాయి. బ్రౌజర్ ద్వారా పీడీఎఫ్ తీయడం కుదురుతుంది, అది వేరే ఏర్పాటు. భూపాలపల్లి వాళ్ల అవసరానికి పీడీఎఫ్ మొదటి రోజు నుంచే సరిగ్గా రావాలి. స్ఫింక్స్‌లోనూ పీడీఎఫ్ తయారీకి మామూలుగా ఉండే ఇంజన్, పీడీఎఫ్‌లాటెక్, తెలుగుకు పనికిరాదు. సెట్టింగ్‌లో ఇంజన్‌ను జీలాటెక్‌గా మార్చి తెలుగు ఫాంట్ పేరు ఇస్తే అక్షరాలు సరిగ్గా కూర్చుంటాయి. ఒక్కసారి చేసి పెడితే చాలు, రాసేవాళ్లకు దాంతో పనిలేదు.

పరకాల_పంతులు · మంగళవారం ఉదయం

ఫాంట్ పెట్టేటప్పుడు పోతన ఫాంట్ చూడున్రి బిడ్డా. బమ్మెర మన పక్కనే.

ఇగ నా సంగతి. మార్క్‌డౌన్ అంటే నేర్సుకుంట, నాకేం భయం లేదు. కని నా నోట్సుల సగం అను ఫాంట్ల ఉన్నది, అప్పట్ల డీటీపీల చేయించిన. దాన్ని మల్ల మొత్తం కొట్టాల్నా?

ములుగురోడ్డు_రచయిత్రి · మంగళవారం ఉదయం

వద్దు సార్. అను యూనికోడ్ కాని పాత పద్ధతి, అందులో ఉన్నది యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒకసారి చదివి చూసుకోవాలి, అంతే. ఇది గైడుకే కాదు, కోహాలో పుస్తకాల పేర్లకూ ముఖ్యం. అను అక్షరాల్లో ఎక్కించిన పేరును పాఠకుడు యూనికోడ్‌లో టైప్ చేసి వెతికితే దొరకదు. ఆ ముచ్చట గైడులో పుస్తకం ఎక్కించే అధ్యాయంలోనే పెడదాం.

మీ రైటర్ ఫైళ్లను అలాగే పంపండి. పాండాక్ అనే పనిముట్టు వాటిని మార్క్‌డౌన్‌లోకి మారుస్తుంది, బొమ్మలను విడిగా ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. పట్టికలు కొంచెం దిద్దుకోవాలి. ఏనుమాముల మార్కెట్‌కు రైతు మిర్చిని ఆటోలో తెచ్చినా ట్రాక్టర్‌లో తెచ్చినా తూకం ఒక్క కాంటా మీదే కదా. మనకూ అలాగే ఉండాలి. వాట్సాప్‌లో మాటగా పంపినా, కాగితం మీద రాసి ఫొటో తీసినా తీసుకుందాం. అసలు ప్రతి మాత్రం ఒక్కచోటే, ఒక్క రూపంలోనే ఉండాలి. గూగుల్ డాక్ కూడా రాసుకునే చోటుగా ఉండొచ్చు, గైడు మాత్రం అది కాదు.

జమ్మికుంట_వికీ · మంగళవారం సాయంత్రం

ఇక్కడే నాకు అభ్యంతరం. అందరూ ఎలాగైనా పంపొచ్చు, ఇద్దరు ముగ్గురు మార్చి ఎక్కిస్తారు అంటున్నారు. ఆ ఇద్దరు ముగ్గురికి పరీక్షలు వస్తాయి, ఉద్యోగం మారుతుంది, పెళ్లి కుదురుతుంది. అప్పుడు పంపినవి పంపినట్టే పేరుకుపోతాయి. తాను దిద్దిన అక్షరదోషం నెల గడిచినా సైటులో కనిపించకపోతే ఆ మనిషి రెండోసారి దిద్దడు. వాలంటీర్ పని ఎక్కువగా ఆగిపోయేది ఈ వరుసలోనే. వికీలో ఈ వరుస లేదు. రాసినవాడికి తన మాట వెంటనే కనిపిస్తుంది, మళ్లీ రావాలనిపిస్తుంది. మేడం మొదటి షరతుకు మీరింకా జవాబు చెప్పలేదు.

హనుమకొండ_లైబ్రేరియన్ · మంగళవారం రాత్రి

ఈ మాట నాకు బాగా తగిలింది. వెర్షన్ల సంగతి విన్నాక వికీ వద్దనే అనుకుంటున్నాను, కానీ ఈ వరుస సమస్యకు దారి చూపకుండా ముందుకు పోవద్దు. కాజీపేట తమ్ముడూ, గిట్‌ల్యాబ్‌లో దీనికి ఏం చేయగలం?

కాజీపేట_జంక్షన్ · బుధవారం మధ్యాహ్నం

మేడం, మూడు పనులు చేద్దాం.

ప్రతి పేజీ పైన "ఈ పేజీని దిద్దండి" అని లంకె పెడత. నొక్కితే బ్రౌజర్‌లనే ఆ పేజీ తెరుచుకుంటది, గిట్ ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. ఒక ఖాతా మాత్రం కావాలె. ఖాతా లేనోళ్ల కోసం పేజీ అడుగున వాట్సాప్ గ్రూపు లంకె.

అక్షరదోషం, విరిగిన లంకె, బొమ్మ సైజు లాంటివి సమీక్ష లేకుండనే ఎక్కించే హక్కు ఇద్దరికి కాదు, కనీసం ఐదుగురికి ఇద్దాం, వాళ్లల్ల సగం మంది లైబ్రేరియన్లే ఉండాలె. పని చేసే పద్ధతి మారే దిద్దుబాటు అయితే మాత్రం ఇంకొక లైబ్రేరియన్ తన కోహాల చేసి చూసినంకనే ఎక్కాలె.

మూడోది, ఒక వాక్యానికి ఒక లైను. మార్క్‌డౌన్‌ల లైను విరిచినా పేరా ఒక్కటిగనే వస్తది. ఇద్దరు ఒకే పేరాల వేరే వేరే వాక్యాలు దిద్దినా చాలాసార్లు గొడవ రాదు, వచ్చినా ఏ వాక్యమో ఎంబడే కనిపిస్తది. పొడుగు పేరా అంత ఒకే లైనుల ఉంటే ఒక కామా మార్చినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తది.

జమ్మికుంట_వికీ · బుధవారం సాయంత్రం

ఐదుగురికి హక్కు ఇచ్చి, వాళ్లలో లైబ్రేరియన్లు ఉంటే నేను ఒప్పుకుంటాను. ఇప్పటికీ నా ఓటు వికీకే, కానీ ఈ పద్ధతిలో పని చేయడానికి నాకేం ఇబ్బంది లేదు. ఒక్కటి అడుగుతాను, లైసెన్సు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 (రాసినవాళ్ల పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు) పెట్టండి. తెలుగు వికీపీడియా నడుస్తున్నదీ దాని మీదే కాబట్టి అటూ ఇటూ వాడుకోవచ్చు. ఇప్పుడే, మొదటి పేజీ ఎక్కకముందే పెట్టండి. పదిమంది రాశాక ఒక్కొక్కరినీ వెతికి అనుమతి అడగడం అయ్యే పని కాదు.

కరీంనగర్_పుస్తకాలు · బుధవారం రాత్రి

ఆస్కీడాక్ పీడీఎఫ్ సంగతి అర్థమైంది, మిస్ట్‌కు సరే. కానీ కొత్తగా రాయడం ఎందుకు? కోహా అసలు మాన్యువల్‌నే తెలుగు చేయొచ్చు కదా. దాని అనువాదాలు వెబ్లేట్‌లో (బ్రౌజర్‌లోనే అనువదించే పనిముట్టు) పీఓ అనే అనువాద ఫైళ్లుగా నడుస్తున్నాయి. ఒక పేరా ఇంగ్లిష్, ఎదురుగా ఖాళీ పెట్టె, తెలుగు రాయడమే. గిట్ అసలు అక్కర్లేదు. ఇంగ్లిష్ మారితే ఆ పేరా మళ్లీ చూడమని గుర్తు కూడా వస్తుంది.

ములుగురోడ్డు_రచయిత్రి · గురువారం ఉదయం

అది చేయదగిన పనే, ఏదో ఒక రోజు చేయాలి. ఇప్పుడు వద్దనడానికి కారణం మాన్యువల్ పరిధి. కొనుగోలు బడ్జెట్లు, విక్రేతల ఖాతాలు, పత్రికల చందాలు, వందల సిస్టమ్ సెట్టింగులు, అన్నీ అందులో ఉంటాయి. ఊరి లైబ్రరీకి అందులో కొంచెమే కావాలి. పైగా పేరాకు పేరా అనువదిస్తే ఇంగ్లిష్ పేరా ఎలా నడిస్తే తెలుగూ అలాగే నడుస్తుంది. "పిల్లవాడు కార్డు మర్చిపోయి వచ్చాడు, పుస్తకం ఎలా ఇవ్వాలి" అని మొదలయ్యే పేజీ అందులో ఉండదు. కౌంటర్ దగ్గర మనిషి వెతికేది అదే. మన గైడు అలాంటి ప్రశ్నల చుట్టూ రాద్దాం. లోతు కావలసినవాళ్లకు అసలు మాన్యువల్ లంకె ఇద్దాం. మనదీ స్ఫింక్సే కాబట్టి రేపు ఎవరైనా మన గైడును ఉర్దూలోకి మార్చాలన్నా ఇదే పీఓ దారి ఉంటుంది.

భూపాలపల్లి · గురువారం ఉదయం

ఉర్దూ మాట మంచిగ చెప్పిన్రు. మా దగ్గర చదువుకునేటోళ్లు ఉన్నరు.

హనుమకొండ_లైబ్రేరియన్ · గురువారం మధ్యాహ్నం

స్క్రీన్ బొమ్మల గురించి నా తరఫున ఒక నియమం, దీని మీద మాత్రం బేరం లేదు. అసలు సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు ఏ బొమ్మలోనూ కనిపించకూడదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది లైబ్రేరియన్‌కు, ఆ పాఠకుడికి మధ్య ఉండే విషయం. పరీక్ష కోసం ఒక కోహా పెట్టి అందులో ఉత్తుత్తి సభ్యులను చేర్చి బొమ్మలు తీద్దాం. పంతులు సార్ నోట్సులోని బొమ్మలు కూడా అలాగే మళ్లీ తీయాలి. బొమ్మ ఏ వెర్షన్‌లో తీసిందో ఫైలు పేరులోనే ఉండాలి, అప్పుడు ఏవి పాతబడ్డాయో చూడగానే తెలుస్తుంది. మాటలతో చెప్పగలిగిన చోట బొమ్మ వద్దు. ఆర్నెల్లకోసారి ముందు పాతబడేవి బొమ్మలే.

పరకాల_పంతులు · గురువారం సాయంత్రం

మంచి మాట మేడం. బొమ్మలు మల్ల తీద్దాం.

కాజీపేట_జంక్షన్ · గురువారం రాత్రి

ఒకటి ముందే చెప్పి పెడుతున్న. స్ఫింక్స్ సెర్చ్‌కు ఉన్న భాషలల్ల తెలుగు లేదు. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాలను" ఉన్న పేజీ దొరుకుతదన్న నమ్మకం లేదు. అందుకే శీర్షికలు జనం అడిగే మాటలల్లనే ఉండాలె, వెనుక పదసూచిక మనమే చేత్తో తయారు చేయాలె. మెనూ పేర్లు స్క్రీన్ మీద ఎట్లుంటే అట్లనే రాస్తే బ్రౌజర్‌ల వెతికినా దొరుకుతయి.

హనుమకొండ_లైబ్రేరియన్ · శుక్రవారం ఉదయం

సరే, మిస్ట్ మార్క్‌డౌన్, స్ఫింక్స్, గిట్‌ల్యాబ్. లైసెన్సు జమ్మికుంట అన్న చెప్పినదే. మొత్తం గైడు మొదలుపెట్టే ముందు ఒక్క అధ్యాయం, ఇష్యూ రిటర్న్, పూర్తిగా ఈ పద్ధతిలో చేసి చూద్దాం. పంతులు సార్ నోట్సు ఆధారం. పాండాక్ మార్పిడి, జీలాటెక్ సెట్టింగ్ కాజీపేట తమ్ముడు. భాష చూసేది ములుగు రోడ్డు అక్క. పీడీఎఫ్ ప్రింటు తీసి, ప్రతి స్టెప్పూ గైడు చూసే వేస్తూ కౌంటర్ మీద పని చేసి చూసేది భూపాలపల్లి. హక్కులు తీసుకునే ఐదుగురిలో నేను, జమ్మికుంట, కరీంనగర్ ఉంటాం. ఇంకో ఇద్దరు కావాలి. నర్సంపేట, మహబూబాబాద్, జగిత్యాల వైపు లైబ్రేరియన్లు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.

జగిత్యాల_అక్షరం · శుక్రవారం మధ్యాహ్నం

మొత్తం చదివిన మేడం. నేనుంట. గిట్‌ల్యాబ్ ఖాతా ఇప్పుడే తెరిచిన. ఫైన్ల పేజీ ఎవరూ తీసుకోకుంటే నాకివ్వున్రి, సెలవు రోజులను క్యాలెండర్‌ల పెట్టకుంటే ఆ రోజులకు కూడ ఫైను పడుడు మా దగ్గర రోజూ వచ్చే పంచాయితీ, ముందు అది రాస్త.

హనుమకొండ_లైబ్రేరియన్ · శుక్రవారం సాయంత్రం

ఫైన్ల పేజీ మీదే. క్యాలెండర్‌తోనే మొదలుపెట్టండి. ఇంకొక్కరు కావాలి.